పదీ పన్నెండు గదిలో బేస్ గోల: మెషిన్ సరిచేసేదెంత, మనిషి చేయాల్సిందెంత

కొత్త హోమ్ థియేటర్ రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే యంత్రం) అట్టపెట్టె తెరిస్తే అడుగున ఒక చిన్న మైకు ఉంటుంది. దాన్ని సోఫాలో తల ఉండే ఎత్తున నిలబెట్టాలి. స్టాండు లేకపోతే స్టూలు మీద నాలుగు పుస్తకాలు పేర్చినా సరే. ఫ్యాను ఆపాలి, కిటికీ మూయాలి, వంటింట్లో కుక్కర్ విజిల్ వెయ్యకుండా చూసుకోవాలి. బటన్ నొక్కితే ఒక్కో స్పీకర్ బాక్సు లోంచి అడుగు స్వరం నుంచి పైకి జారుతూ పోయే కూత ఒకటి వస్తుంది. మైకును కాస్త అటూ ఇటూ జరిపితే అదే కూత మళ్లీ మళ్లీ. ఒక పావుగంటకు టీవీ తెర మీద 'కాలిబ్రేషన్ పూర్తయింది' అని పడుతుంది, అంటే గదికి తగ్గట్టు సర్దుకోవడం అయిందని. చెమట తుడుచుకుని, ఫ్యాను వేసి, పాట పెడితే ఇంట్లో ఒకరు 'అబ్బ, ఎంత క్లియర్‌గా ఉందో' అంటారు. ఇంకొకరు 'పాటలో పస పోయింది, బేస్ ఏదీ?' అంటారు.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అప్పటిదాకా బేస్, అంటే కింది స్వరాల మోత, అనుకుని విన్నదాంట్లో చాలా భాగం గది చేస్తున్న గోల. దాన్ని మెషిన్ తీసేసింది. దాంతోపాటు తియ్యక్కర్లేనిది కూడా కొంత తీసి ఉండొచ్చు. ఏది ఎంత తీసిందో, ఎందుకు తీసిందో మాత్రం చెప్పదు. లెక్క కట్టడంలో మనిషి ఎప్పుడూ మెషిన్‌తో పోటీ పడలేడు. కానీ గదిలో కనిపించే తప్పుల్లో దేన్ని దిద్దాలి, దేన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి అనేది లెక్కలోంచి రాదు. ఆటోమేటిక్, మాన్యువల్ పద్ధతుల మధ్య అసలు తేడా అక్కడే ఉంది.

డిజిటల్ కరెక్షన్ వెనక ఆలోచన మామూలుదే. బాక్సూ గదీ కలిసి శబ్దాన్ని ఎక్కడ పెంచుతున్నాయో, ఎక్కడ తగ్గిస్తున్నాయో మైకుతో కొలుస్తారు. పాట యాంప్లిఫైయర్‌కు చేరకముందే దానికి సరిగ్గా ఎదురు మార్పు చేసి పంపుతారు. స్వరం ఎంత కిందిదో పైదో చెప్పే కొలత హెర్ట్జ్, అంటే సెకనుకు ఎన్ని కంపనాలో; శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పేది డెసిబెల్. 57 హెర్ట్జ్ దగ్గర గది 8 డెసిబెల్స్ పెంచుతుంటే, అక్కడ 8 డెసిబెల్స్ తగ్గించి పంపితే చెవి దగ్గరికి వచ్చేసరికి చెల్లుకు చెల్లు. ఈ పని రిసీవర్ తనంతట తాను చేస్తే ఆటోమేటిక్. మనిషి గ్రాఫ్ చూసి ఒక్కో ఫిల్టర్ (ఒక స్వరప్రాంతాన్ని తగ్గించే, పెంచే సర్దుబాటు) పెట్టుకుంటూ పోతే మాన్యువల్. కొలత రెండింటికీ కావాలి. మాన్యువల్ అంటే చెవితో చేసుకోవడం అని చాలామంది అనుకుంటారు గనుక ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది.

విజయనగరంలో ఈ కబుర్లు మొదలైతే చెవి వైపే ఓట్లు పడతాయి, పడాలి కూడా. 1919లో సంగీత కళాశాల పెట్టుకున్న ఊరు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నారు. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదువుకున్నవాళ్లే. అలాంటి ఊళ్లో శ్రుతి వెంట్రుకవాసి తప్పినా మొహం చిట్లించే చెవులకు లోటుండదు. అయితే శ్రుతి పట్టుకునే చెవి వేరు, మట్టం (శబ్దం ఎంత గట్టిగా ఉందో) పట్టుకునే చెవి వేరు. షడ్జమానికి పంచమం సరిగ్గా కూర్చుందా లేదా అనేది సాధనతో అబ్బే విద్య. ఒకానొక హెర్ట్జ్ దగ్గర ధ్వని ఆరు డెసిబెల్స్ ఎక్కువగా ఉందని చెప్పడం ఆ సాధనలో భాగం కాదు. పైగా చెవికి అలవాటు పడే గుణం ఉంది. వారం రోజులు బుంయ్‌మనే గదిలో పాటలు వింటే అదే సహజంగా అనిపిస్తుంది. రెండు సెట్టింగులు పక్కపక్కన పెట్టి పోలిస్తే, కాస్త గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది. మృదంగం ఆయన కచేరీకి ముందు ఎడమ మూతకు రవ్వ ముద్ద అంటించి, కుడివైపు అంచు మీద తట్టి వాయిద్యాన్ని శ్రుతి చేసుకుంటారు. హాలును శ్రుతి చేయడం ఆయన చేతుల్లో లేదు.

గదిలో జరిగేది

ఉత్తరాంధ్రలో శ్లాబు ఇల్లంటే 'పదీ పన్నెండు' గది అందరికీ తెలిసిన కొలతే. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పైన శ్లాబు కూడా దాదాపు పది అడుగుల ఎత్తులో. ఇల్లు కట్టేటప్పుడు దీంట్లో ఏ ఇబ్బందీ కనిపించదు. సౌండ్‌కు మాత్రం ఇది చాలా చెడ్డ కొలత.

మన వాతావరణంలో, 30 డిగ్రీల దగ్గర, ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు, అంటే 1145 అడుగులు పోతుంది. గోడకు తగిలి వెనక్కొచ్చే అల, ఎదురొచ్చే తన తోటి అలతో కలుస్తుంది. అల పొడవులో సగం సరిగ్గా గది పొడవంత అయినప్పుడు ఆ రెండూ కలిసి కదలకుండా నిలబడిపోతాయి. పన్నెండు అడుగులకు ఈ లెక్క 48 హెర్ట్జ్ దగ్గర తేలుతుంది. పది అడుగుల వెడల్పుకు 57. పది అడుగుల ఎత్తుకూ 57. రెండు వైపుల నుంచీ ఒకే స్వరానికి బలం చేరింది. కొత్త సినిమా పాటల్లో డ్రమ్ము దెబ్బ ఉండేది సరిగ్గా ఈ ప్రాంతంలోనే. పాట ఏ శ్రుతిలో ఉన్నా, బేస్ గిటార్ ఏ స్వరం మీదికి కదిలినా, గది మాత్రం 'బుంయ్' అనే ఒకే జవాబు చెబుతుంది. ఆ స్వరం ఆగిపోయాక కూడా కాసేపు మోగుతూనే ఉంటుంది. 1950, 60ల పాటలు వినేవారికి ఈ బాధ తక్కువ. ఆ రికార్డింగుల్లో అంత కింద పెద్దగా ఏమీ ఉండదు.

ఇంకో సంగతి, కూర్చునే చోటు. ఈ నిలబడ్డ అలలు గోడల దగ్గర గరిష్ఠంగా ఉంటాయి. పదీ పన్నెండు గదిలో సోఫా గోడకు ఆనించకుండా వేసేదెక్కడ? కాబట్టి తల వెనకే గోడ, ఆ గోడ దగ్గరే గోల ఎక్కువ. సోఫాను నడిగదిలోకి జరిపితే అక్కడ 48 హెర్ట్జ్ దాదాపు మాయమవుతుంది. ఒక చోట గుట్ట, ఒక చోట గుంట. ఈ వ్యాసంలో మిగతా సంగతంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

గుట్టను చెక్కొచ్చు. 57 హెర్ట్జ్ దగ్గర అదే వెడల్పు, అదే ఎత్తు ఉన్న ఎదురు ఫిల్టర్ పెడితే గ్రాఫ్ చదునవడమే కాదు, స్వరం ఆగాక మోగే తోక కూడా ఆ చోటులో కురచవుతుంది. కింది స్వరాల్లో గది గుట్టల స్వభావమే అలాంటిది, మట్టం సరైతే కాలం కూడా చాలావరకు సరవుతుంది. గుంట సంగతి వేరు. బాక్సు ముందు భాగం వెనక గోడకు రెండడుగుల దూరంలో ఉందనుకోండి. వెనక్కి వెళ్లి గోడకు తగిలి వచ్చే ధ్వని నాలుగడుగులు ఎక్కువ నడుస్తుంది. ఎనిమిది అడుగుల పొడవున్న అలకు నాలుగడుగులంటే సరిగ్గా సగం. అంటే సూటిగా వచ్చేదీ, గోడ నుంచి వచ్చేదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎనిమిది అడుగుల అల అంటే 143 హెర్ట్జ్. మగ గొంతులోని నిండుదనం ఉండేది ఆ చుట్టుపక్కలే. 'గొంతు పలచగా వస్తోంది' అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఈ రెండడుగులే ఉంటాయి.

ఇక్కడ ఈక్వలైజర్‌తో, అంటే ఆ ఫిల్టర్లతోనే, పెంచితే? సూటిగా వచ్చేది పెరుగుతుంది, గోడ నుంచి వచ్చేదీ అంతే పెరుగుతుంది, రెండూ మళ్లీ కొట్టేసుకుంటాయి. 10 డెసిబెల్స్ పెంచడమంటే పదింతల పవర్. 20 వాట్లు తీసుకుంటున్న బాక్సుకు 200 వాట్లు పోయాలి. గుంట అలాగే ఉంటుంది, యాంప్ వేడెక్కుతుంది, స్పీకర్‌లో కదిలే కోన్ తన హద్దు దాటి కొట్టుకుంటుంది. అడుగు లేని బావిలో తట్టలతో మట్టి పోసినట్టే.

మంచి ఆటోమేటిక్ పద్ధతులకు ఈ సంగతి తెలుసు. పెంచడానికి ఒక హద్దు పెట్టుకుంటాయి, ఇరుకైన గుంటల జోలికి పోవు. కానీ వాటికి తెలియనిది ఒకటుంది. బాక్సును జరపొచ్చు. దాని ముందు భాగం గోడకు ఒక్క అడుగు దూరంలో ఉండేలా వెనక్కి తోస్తే గుంట 143 నుంచి 286 హెర్ట్జ్‌కి ఎక్కుతుంది. ఆ పైన బాక్సు వెనక్కి పంపే ధ్వని తగ్గుతూ వస్తుంది, మిగిలినదాన్ని బాక్సు వెనక మడిచి పెట్టిన దళసరి బొంత కూడా కొంత పీల్చుకుంటుంది. గోడ దగ్గరైంది కాబట్టి కింద బేస్ పెరుగుతుంది. అది గుట్ట, దాన్ని చెక్కొచ్చు. పూడని గుంటను చెక్కగలిగే గుట్టగా మార్చుకోవడం అన్నమాట. రిమోట్‌లో ఏ బటనూ ఈ పని చేసిపెట్టదు.

మెషిన్‌కూ అభిప్రాయాలున్నాయి

ఆటోమేటిక్ అనగానే నిష్పాక్షికమని ఒక నమ్మకం ఉంటుంది. మైకు కొలిచింది, కంప్యూటర్ సరిచేసింది, మధ్యలో మనిషి లేడు కదా అని. మనిషి ఉన్నాడు. ఫ్యాక్టరీలోనే తన అభిప్రాయం రాసిపెట్టి వెళ్లిపోయాడు.

సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధనల్లోంచి 2002లో పుట్టిన ఆడిసీ, స్వీడన్‌లోని ఉప్సాలా నుంచి వచ్చిన డిరాక్, ఫ్రాన్స్ వాళ్ల ట్రిన్నోవ్, యమహా రిసీవర్లలో ఉండే వైపావో, ఇవన్నీ ఆటోమేటిక్ కరెక్షన్ పద్ధతులే, చేసే పని ఒకటే. చేరాల్సిన గ్రాఫ్ ఏదనేదాంట్లో ఎవరి మాట వారిదే. ఆడిసీ తన మామూలు సెట్టింగులో 2 కిలోహెర్ట్జ్ దగ్గర కావాలనే చిన్న గుంట పెడుతుంది. రెండు మూడు స్పీకర్లు కలిసే బాక్సుల్లో ఆ ప్రాంతం గరుకుగా వినిపిస్తుందని వాళ్ల ఆలోచన. బాక్సు నిజంగా అలాంటిదేనా అని చూడదు, అన్నిటికీ పెడుతుంది. వద్దనుకుంటే వాళ్ల ఫోన్ యాప్‌లో తీసెయ్యొచ్చు, కానీ అలాంటిది ఒకటుందని తెలిసినవాళ్లే కదా తీసేది. కర్ణాటక సంగీతంలో గాత్రం, వయొలిన్ దగ్గరగా ఎదురుగా ఉన్నట్టు అనిపించడంలో ఆ ప్రాంతం పాత్ర పెద్దది. 'వయొలిన్ వెనక్కిపోయింది' అని ఎవరైనా అంటే అనుమానించాల్సిన చోట్లలో అది ఒకటి.

ఏ సోఫాలో కూర్చున్నవారి కోసం సరిచేయాలన్నదీ ఇలాంటి నిర్ణయమే. మైకును ఆరు చోట్లో ఎనిమిది చోట్లో పెట్టమని అడిగి, ఆ కొలతలను కలిపి ఒక సర్దుబాటుకు వస్తారు. నలుగురు కలిసి సినిమా చూసే ఇంటికి ఇది న్యాయమైన పద్ధతి. రాత్రి పదింటికి ఒక్కరే కూర్చుని కచేరీ వినే ఇంట్లో, ఎవరూ కూర్చోని కుర్చీల వాటా కూడా ఆ సర్దుబాటులో కలిసిపోతుంది.

ట్రిన్నోవ్ మాత్రం నాలుగు మైకులు కలిపిన పరికరంతో కొలిచి, ఏ బాక్సు గదిలో ఎక్కడ, ఎంత ఎత్తులో ఉందో కూడా లెక్క కడుతుంది. ధర మధ్యతరగతి ఇంటికి అందేది కాదు గనుక దాని గురించి ఇక్కడ ఇంతకంటే చెప్పి లాభం లేదు. సోనోస్ స్పీకర్ల పద్ధతి సరదాగా ఉంటుంది, ఫోను ఊపుతూ గదంతా తిరగమంటుంది. మొదట్లో ఆ సౌకర్యం ఐఫోన్లకే ఇచ్చారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో మైకులు రకరకాలు. కొలిచేదాని మీదే నమ్మకం లేకపోతే సరిచేసేదాని మీద ఏం ఉంటుంది? మాన్యువల్‌గా చేసుకునేవారికీ ఇది వర్తిస్తుంది. ఫోన్ యాప్‌లో గ్రాఫ్ చూసి ఫిల్టర్లు పెట్టడం దండగ. ఫోన్ మైకు మాట కోసం తయారైంది, కింది స్వరాలను కోసేస్తుంది, మిగతా చప్పుడును అణచాలని చూస్తుంది.

మైకు వినేది, చెవి వినేది

పై స్వరాల్లో కథ మారిపోతుంది. 50 హెర్ట్జ్ అల 23 అడుగుల పొడవుంటే, 10 కిలోహెర్ట్జ్ అల మూడున్నర సెంటీమీటర్లే. మైకును బొటనవేలంత జరిపితే గ్రాఫ్ పై భాగం ఇంకోలా వస్తుంది. తల తిప్పితే మళ్లీ ఇంకోలా. అయినా తల తిప్పినప్పుడల్లా పాట మారినట్టు ఎవరికీ అనిపించదు.

ఎందుకంటే చెవి మైకులా కూడిక చేయదు. బాక్సు నుంచి సూటిగా వచ్చిన ధ్వనిని ముందు పట్టుకుంటుంది. ఆ వెనక కొద్ది మిల్లీసెకన్లలో గోడల నుంచి వచ్చేవాటిని అదే శబ్దానికి చెందినవిగా కలిపేసుకుంటుంది. 1949లో హెల్ముట్ హాస్ తన పరిశోధనలో కొలిచి చూపింది దీన్నే. మాట విషయంలో ముప్పై మిల్లీసెకన్ల దాకా ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని విడిగా వినపడకుండా అసలు మాటలో కలిసిపోతుంది. ముప్పై మిల్లీసెకన్లంటే ధ్వని 34 అడుగులు నడిచే సమయం. పదీ పన్నెండు గదిలో మొదటి ప్రతిధ్వనులన్నీ ఆ లోపే వచ్చేస్తాయి. మైకు మాత్రం సూటిగా వచ్చిందీ, గోడవీ, టైల్సువీ, గాజు అల్మారావీ అన్నీ ఒకే సంచిలో వేసి మొత్తం చూపిస్తుంది. ఆ మొత్తాన్ని చదును చెయ్యాలని చూస్తే, చెవికి ముందుగా చేరే సూటి ధ్వనిని చెడగొట్టాల్సి వస్తుంది.

కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోనూ, తర్వాత హార్మన్ అనే ఆడియో కంపెనీలోనూ ఫ్లాయిడ్ టూల్ బృందం ఏళ్ల తరబడి చేసిన శ్రవణ పరీక్షలు ఇదే చెబుతున్నాయి. ప్రతిధ్వని లేని గదిలో సూటిగా చదునుగా, పక్కలకు నున్నగా మోగే బాక్సునే ఎక్కువమంది మెచ్చుకుంటారు. అలాంటి బాక్సును మామూలు గదిలో పెట్టి కొలిస్తే గ్రాఫ్ బేస్ నుంచి ట్రెబుల్ (పై స్వరాలు) వైపు మెల్లగా వాలుతుంది. ఆ వాలు సహజమైనది, జబ్బు కాదు. దాన్ని సరళరేఖ చేస్తే సౌండ్ గీరుకుపోతున్నట్టు ఉంటుంది. మంచి బాక్సులు కొని, మెషిన్ చేత వాటి పై స్వరాలన్నీ 'సరిచేయించి', తర్వాత బాక్సులే బాగోలేదని అమ్మేసేవాళ్లు ఉంటారు. అన్యాయం.

గది పెత్తనం ఎక్కడిదాకా, బాక్సు పెత్తనం ఎక్కడినుంచి అనేదానికి భౌతిక శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ ఇచ్చిన సూత్రం ఒకటుంది. గది ఘనపరిమాణం, ధ్వని చచ్చిపోవడానికి పట్టే సమయం తెలిస్తే చాలు. మన పదీ పన్నెండు గది 34 ఘనమీటర్లు. సామాను ఎంతుందనే దాన్నిబట్టి ఆ సరిహద్దు 250 నుంచి 350 హెర్ట్జ్ మధ్య పడుతుంది. దాని కింద గదిని సరిచేయాలి. పైన సరిచేయాల్సింది ఉంటే అది బాక్సు తప్పే, దాన్ని గదితో కలిపి కొలవకూడదు. డిరాక్ వాళ్లు 500 హెర్ట్జ్ దాకా మాత్రమే పనిచేసే లైసెన్సును తక్కువ ధరకు అమ్ముతారు. డబ్బు లేక దాన్ని కొన్నవాళ్లు చిన్న గదుల్లో చాలాసార్లు పూర్తి లైసెన్సు కొన్నవాళ్లకంటే మంచి నిర్ణయమే తీసుకున్నట్టు.

మేడ మీద కొలత

బాక్సును గది లేకుండా కొలవడం ఎలా? పెద్ద కంపెనీలకు ప్రతిధ్వని లేని గదులుంటాయి. మన ఊళ్లలో మేడలున్నాయి.

డిసెంబరు రాత్రి పదకొండు దాటాక, వీధిలో మోటార్ సైకిళ్లు తగ్గాక, బాక్సును మేడ నడుమ నేల మీదే పెట్టి, మైకును కూడా నేల మీదే రెండు మీటర్ల దూరంలో పడుకోబెడితే చాలు. నేల నుంచి వచ్చే ప్రతిధ్వని సూటి ధ్వనితో కలిసే వస్తుంది గనుక గుంటలు పడవు, మొత్తం మట్టం ఆరు డెసిబెల్స్ పెరుగుతుందంతే. పిట్టగోడలు మాత్రం దూరంగా ఉండాలి. నీళ్ల ట్యాంకు పక్కన పెడితే పని చెడినట్టే. కరెంటు పోతే ఊరు ఇంకా నిశ్శబ్దమవుతుంది గానీ యాంప్ కూడా పోతుంది.

మేడ లేనివారికి ఇంకో దారి. గది నడుమ, నేలకూ శ్లాబుకూ సమాన ఎత్తులో బాక్సును, మీటరు దూరంలో మైకును పెడితే, మొదటి ప్రతిధ్వని ఆరు మిల్లీసెకన్ల తర్వాతే వస్తుంది. ఆ ఆరు మిల్లీసెకన్లనే కత్తిరించి చూస్తే 160 హెర్ట్జ్ పైన బాక్సు ఒక్కదాని మొహం కనిపిస్తుంది. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత ప్రోగ్రాం ఈ కత్తిరింపును మౌస్‌తో చేసేస్తుంది. యూమిక్-1 లాంటి మైకుకు సీరియల్ నంబరును బట్టి దాని సొంత కాలిబ్రేషన్ ఫైలు దొరుకుతుంది. వచ్చిన ఫిల్టర్లను కంప్యూటర్లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ప్రోగ్రాంలో వేసుకోవచ్చు, లేదా రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద కమిల్లా డీఎస్పీ అనే ప్రోగ్రాం నడుపుకోవచ్చు. ఒక్కో ఫిల్టర్‌కు మూడే అంకెలు. ఎక్కడ, ఎంత, ఎంత వెడల్పున.

మాన్యువల్‌లో ఒక వ్యసనం ఉంది, దాన్ని దాచి లాభం లేదు. గ్రాఫ్ కనిపించగానే చెయ్యి ఊరుకోదు. మూడు ఫిల్టర్లతో అయిపోయే పనికి ముప్పై పెట్టి, గీతను స్కేలుతో గీసినట్టు చేసుకుని, ఆ ఒక్క అంగుళం చోటులోనే బాగుండే సౌండ్ తయారుచేసుకునేవాళ్లున్నారు. అది మెషిన్ చేసే తప్పే, కాకపోతే రెండు నెలలు కష్టపడి చేశారు.

పొడవాటి డిజిటల్ ఫిల్టర్ల దగ్గర కూడా ఇలాంటి మోజే నడుస్తుంది. ఇవి మూడంకెల ఫిల్టర్లు కావు, వేరే రకం, ఒక్కోటీ వేల అంకెల వరస. సెకనుకు 48,000 నమూనాల దగ్గర 1,024 అంకెల ఫిల్టర్‌కు కంటిచూపు సుమారు 47 హెర్ట్జ్. అంటే 48కీ 57కీ మధ్య తేడా దానికి కనపడదు, మన గది జబ్బుకు అది పనికిరాదు. 65,536 అంకెలు పెడితే చూపు ఒక హెర్ట్జ్ కంటే సన్నగా ఉంటుంది. కానీ ఫేజ్‌ను (ఏ స్వరమూ మిగతావాటికంటే ముందూ వెనకా కాకుండా) కూడా పూర్తిగా చదునుగా ఉంచే రకమైతే దాదాపు 0.7 సెకన్ల ఆలస్యం వస్తుంది. పాట వినేవారికి ఇబ్బంది లేదు, సినిమాలో పెదవులు ముందు, మాట వెనక. ఇంకో దోషం మృదంగంలో పట్టుబడుతుంది. అతిగా దిద్దిన ఫిల్టర్‌లో దెబ్బ పడకముందే దాని నీడ సన్నగా మోగుతుంది. ప్రకృతిలో ప్రతిధ్వని ఎప్పుడూ వెనకే వస్తుంది కాబట్టి చెవి ఈ ముందు మోతను క్షమించదు. కింది స్వరాల గుట్టలకు మామూలు చిన్న ఫిల్టర్లు చాలు. ఈ బాధే ఉండదు.

మూసిన కిటికీ

కాలిబ్రేషన్ చేసేటప్పుడు కిటికీ మూశాం, ఫ్యాను ఆపాం. పాట వినేటప్పుడు? కిటికీ బార్లా తెరిచి, ఫ్యాను ఐదులో.

1895లో హార్వర్డ్‌లో మాట అర్థంకాని ఒక ఉపన్యాస మందిరాన్ని బాగుచేయమంటే, వాలెస్ సబీన్ పక్క థియేటర్‌లోని కుర్చీ దిండ్లు తెప్పించుకుని, రాత్రిళ్లు కొలతలు తీసి రీసౌండ్ లెక్క కట్టాడు. పీల్చుకునే శక్తికి ఆయన పెట్టుకున్న కొలమానం తెరిచిన కిటికీ. బయటికి పోయిన ధ్వని తిరిగిరాదు కాబట్టి తెరిచిన కిటికీ నూటికి నూరు పాళ్లూ పీల్చినట్టే. సిమెంటు ప్లాస్టరు, టైల్సు నూటికి రెండు మూడు పాళ్లే పీలుస్తాయి. ఈ లెక్కన, సామాను లేని మన పదీ పన్నెండు గది తలుపూ కిటికీ మూస్తే ధ్వని చచ్చిపోవడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. మూడున్నర చదరపు మీటర్ల తలుపూ కిటికీ తెరిస్తే సుమారు ఒక సెకను. బేస్‌కు ఈ సూత్రం అచ్చంగా సరిపోదు గానీ, అక్కడా తెరిచిన తలుపు నిలబడ్డ అలలను మార్చేస్తుంది. పాత పెంకుటిళ్లలో, మండువా లోగిళ్లలో ఈ బుంయ్ అంతగా ఉండకపోవడానికి కారణం కూడా అదే. బేస్ నిలబడకుండా నడుమ ఉన్న ఆకాశంలోకి పోతుంది.

కాబట్టి మూసిన గదికి చేసిన కరెక్షన్ తెరిచిన గదికి వర్తించదు. రిసీవర్ ఊహించుకునే మూసిన గది యూరప్‌ది, అమెరికాది. ఇక్కడ ఎలా వింటారో అలాగే ఉంచి కొలవాలి. ఫ్యాను చప్పుడు కొలతలో పడుతుంది గనుక ఆ కాసేపూ ఆపక తప్పదు. కిటికీని మాత్రం తెరిచే ఉంచాలి. వీధి చప్పుడు తగ్గిన రాత్రివేళ చేసుకుంటే సరి. కూత మధ్యలో ఆటో హారన్ పడితే ఆ కొలత పారేసి మళ్లీ చెయ్యాలి. మెషిన్ చాలాసార్లు అలా పారెయ్యదు.

మెషినే గెలిచే చోట్లు

ఇంతవరకు చదివితే ఆటోమేటిక్ పనికిరాదని అనిపించొచ్చు. ఐదు బాక్సులు, రెండు సబ్‌వూఫర్లు (బేస్ కోసమే పెట్టే స్పీకర్లు) ఉన్న సినిమా గదిలో చేత్తో చేయడం మొండితనం. ఒక్కో బాక్సు దూరం, దానికి తగ్గ ఆలస్యం, మట్టం, సబ్‌వూఫర్ ఎక్కడ అందుకోవాలి, రెండు సబ్‌వూఫర్లు ఏ సీటు దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి, ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవి. ఒకటి మార్చితే మిగతావి చెదురుతాయి. నాలుగు సీట్లకూ సరిపడే సర్దుబాటును వేలసార్లు వేసి చూసి వెతకడం మెషిన్ పని. మనిషి రెండు రోజులు కూర్చున్నా దాని దరిదాపుల్లోకి రాడు. రెండు బాక్సుల సంగీత గదిలోనే చెయ్యి పైచేయి అవుతుంది.

కల్యాణ మండపాల మైకు సెట్ల సంగతి మూడోది. అక్కడ గది రేకుల కప్పు కింద వెయ్యిమంది జనం. మైకు కూకూమని అరుస్తుంటే ఏ మీటను కిందికి లాగాలో ఆపరేటర్ వేళ్లకు తెలుసు. ఫీడ్‌బ్యాక్‌ను, అంటే ఆ అరుపును, తనంతట తానే పట్టుకునే యంత్రాలు వచ్చాయి, పురోహితుడి గొంతుకు అవి బాగానే పనిచేస్తాయి. సన్నాయి గుక్కపట్టి నిలిపిన స్వరాన్ని కూడా ఒక్కోసారి కూత అనుకుని కోసేస్తాయి.

మన గదికి తిరిగొద్దాం. బాక్సులు గోడకు అడుగు దూరానికి వెళ్లాయి, వెనక బొంతలు పడ్డాయి. సోఫా గోడ నుంచి ఒకటిన్నర అడుగు ముందుకు వచ్చింది, అంతకంటే వస్తే నడవడానికి దారి లేదు. కిటికీ తెరిచి కొలిస్తే మిగిలేది 57 దగ్గర పెద్ద గుట్ట, 48 దగ్గర చిన్నది, గోడ దగ్గరవడం వల్ల 100 కింద మొత్తంగా కొంత వాపు. మూడు ఫిల్టర్లు. 300 పైన ఏమీ లేదు, మేడ మీద కొలతలో బాక్సు తప్పు ఏదైనా దొరికితే దానికి ఒకటి. వేసవిలో ఏసీ వేసి తలుపులన్నీ మూసే రోజులకు ఇదే పని ఇంకోసారి చేసి, రెండో సెట్టింగుగా దాచుకోవాలి. ఈ ఫిల్టర్లు నడిపే చిన్న డీఎస్పీ పెట్టెల్లో సాధారణంగా నాలుగు సెట్టింగులకు చోటుంటుంది. మూడోది సంక్రాంతికి, గది నిండా చుట్టాలు కూర్చున్నప్పటికి పెట్టుకోవచ్చు. మనుషులూ మంచి దిండ్లలాగే ధ్వనిని పీలుస్తారు. కాకపోతే ఆ రోజు కూత వేసి కొలుస్తుంటే రెండు నిమిషాలు మాట్లాడకుండా కూర్చునే చుట్టాలు కావాలి.